అట్టపెట్టె లేని ప్రయాణం

మా బిల్డింగులో లిఫ్టు ముందు వారానికోసారైనా ఒక అట్టపెట్టె దారికి అడ్డంగా ఉంటుంది. చుట్టూ గోధుమరంగు టేపు, టేపు మీద నైలాను తాడు, నాలుగు వైపులా నల్ల మార్కరుతో పేరు, ఊరు, ఫోను నంబరు. రాయచోటి అనో, రైల్వేకోడూరు అనో, రాజోలు అనో పెద్ద పెద్ద అక్షరాలు. దాని పక్కన ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఒక మనిషి. విమానానికి ఇంకా ఆరేడు గంటలున్నా అప్పుడే బూట్లు కట్టేసుకుని ఉంటాడు. లోపల ఏముంటాయో పెట్టె తెరవకుండానే చెప్పొచ్చు. నీడో పాలపొడి డబ్బాలు, టాంగ్, గొడ్డలి మార్కు తైలం సీసాలు, పులిబొమ్మ దుప్పటి, ఖర్జూరాలు, కొలత తెలియక రెండు సైజులు కొన్న పిల్లల చెప్పులు. దారిన పోయేవాళ్ళంతా ఒకటే అడుగుతారు, "ఊరికా అన్నా?" అని. 2024 మే నెలలో ఒక సాయంత్రం అలాంటి పెట్టెను దాటుకుని పోతున్నాను. చేతిలో ఫోను, ఫోనులో కలకత్తా టికెట్ల ధరలు. అప్పుడు తట్టింది. ఫర్వానియాలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను గానీ, భుజానికో చిన్న సంచి తగిలించుకుని విమానమెక్కిన మనవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు, చావు కబురు విని పరుగెత్తినవాడు తప్ప. పెట్టె లేకుండా కువైట్ దాటుతున్నాడంటే ఇంట్లో ఏదో జరిగిందని లెక్క. మరి ఏమీ జరగకుండానే, ఒక బంతాట చూడడానికి, ఉత్త చేతులతో పోయేవాణ్ణి ఏమనుకోవాలి?

ఆ ఆట మామూలు ఆట కాదు. మే 16న సునీల్ ఛెత్రి ఒక వీడియోలో చెప్పాడు, జూన్ 6న కలకత్తా సాల్ట్ లేక్ మైదానంలో ఆడేదే దేశం తరఫున తన చివరి ఆట అని. ప్రపంచ కప్ అర్హత పోటీ. అవతలి జట్టు, చూడండి విచిత్రం, కువైటే. ఛెత్రి 1984లో పుట్టింది సికింద్రాబాదులో. నాన్నది సైన్యంలో ఉద్యోగం కాబట్టి ఎక్కడైనా పుట్టి ఉండేవాడు. అయినా ఆ ఒక్క వివరం పట్టుకుని మనవాడేనని నలుగురిలో చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. జూన్ 6 గురువారం. ఇక్కడ శుక్ర శనివారాలు ఎలాగూ సెలవు. బుధవారం రాత్రి ఎక్కి, మధ్యలో ఏదో ఒక గల్ఫ్ విమానాశ్రయంలో మారి, గురువారం మధ్యాహ్నానికి కలకత్తా. శనివారం రాత్రికి మళ్ళీ నా మంచం మీద నేను. కాగితం మీద అంతా చక్కగా కుదిరింది. ధర దగ్గరికొచ్చేసరికి మాత్రం బక్రీదు ముందు రోజులు, బడి సెలవులు, రెండూ కలిసి టికెట్టును నూట ఇరవై దీనార్లకు లాగాయి. అప్పట్లో దీనారుకు దాదాపు 270 రూపాయలు. ఇక్కడ బతికేవాళ్ళకు ఈ గుణకారం శ్వాసలాంటిది, వద్దనుకున్నా ఆగదు. టీ తాగినా గుణిస్తాం, క్షవరం చేయించుకున్నా గుణిస్తాం. ముప్పై రెండు వేలంటే బోరుకు కొత్త మోటరు. తొంభై నిమిషాల ఆటకు ఒక బోరు మోటరా అని లోపల ఎవరో అడిగారు. ఆ గొంతు మా నాన్నది. ఆయన పోయి చాలాకాలమైంది, లెక్కలు మాత్రం నాలోనే ఉండి చూసుకుంటున్నాడు.

అయినా డబ్బు సంగతి సర్దుకోవచ్చు. రెండు నెలలు బయట తినడం మానేస్తే సరిపోతుంది. సర్దుకోలేనిది ఇంకొకటి. దేశంలోకి పోయి, ఇంటికి పోకుండా తిరిగి రావడం. కువైట్ నుంచి బాంకాక్ పోయి వచ్చానంటే మా ఊళ్ళో ముక్కున వేలేసుకుంటారు, రెండు రోజులు మాట్లాడుకుంటారు, మర్చిపోతారు. కలకత్తా దాకా వచ్చి రాజంపేట పొలిమేర తొక్కకుండా వెనక్కి పోయాడంటే, అది పదేళ్ళ తర్వాత పెళ్ళి పందిట్లో కూడా గుర్తుకొస్తుంది. పోనీ, కలకత్తా నుంచి చెన్నైకి ఎగిరి, అక్కణ్ణుంచి రేణిగుంట మీదుగా కారులో నాలుగైదు గంటలు పోతే? శుక్రవారం సాయంత్రానికి ఇల్లు, శనివారం తెల్లవారేసరికి మళ్ళీ చెన్నై దారి. ఆ ఒక్క రాత్రి అమ్మతో ఏం మాట్లాడతాను? పైగా, చెప్పాపెట్టకుండా, పెట్టె లేకుండా, చిన్న సంచితో గడపలో దిగితే ఆమె ముందు గుండె పట్టుకుంటుంది. ఉద్యోగం పోయిందేమో అనుకుంటుంది. పోలేదమ్మా, బంతాట చూడడానికొచ్చాను అంటే, ఉద్యోగం పోయినా బాగుండేదనుకుంటుందేమో. ఇంతకీ నేను భయపడుతున్నది ఆమెకా, నాకా? సెలవంటే ఇంటికి చెందిన సొత్తనీ, అందులోంచి నాలుగు రోజులు సొంతానికి తీసుకుంటే దొంగతనమనీ నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఏటా వచ్చే ముప్పై రోజుల సెలవును చట్టం నా పేరునే రాసింది. నేనే దాన్ని ప్రతిసారీ రాజంపేట చిరునామాకు పంపిస్తున్నాను.

అలాగని మన వాళ్ళు ఇల్లు కదలనివాళ్ళేం కాదు. మా వైపు నుంచి అడవి దారిన తిరుమలకు నడిచిపోయేవాళ్ళు. పంట ఉన్నా లేకపోయినా పోయేవాళ్ళు, వాళ్ళను ఖర్చెంతని ఎవరూ అడగలేదు. కలకత్తా టికెట్ల లెక్కలు వేసుకుంటున్న రోజుల్లోనే రాత్రిపూట ఏనుగుల వీరాస్వామయ్య పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగం ఆయనది. 1830 మే నెలలో పరివారాన్ని వెంటబెట్టుకుని బయల్దేరి, కాశీ చూసుకుని మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరాడు. మా కోడూరు, నందలూరు, ఒంటిమిట్టల మీదుగానే కడపకు పోయాడు. తిరుగు దారిలో కలకత్తా కూడా చూశాడు. పుస్తకం పేరు కాశీయాత్ర చరిత్ర. కానీ అందులో దేవుళ్ళతో పాటు బియ్యం ధరలుంటాయి, బాటలుంటాయి, సత్రాలుంటాయి, దొరల దర్జాలుంటాయి, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో దొరకదో ఉంటుంది. కళ్ళున్న మనిషి చూడదగిందంతా చూశాడు. ముందు కాశీ అని ఒక్క మాట పెట్టాడు గనక దారిలో ఏం చూసినా చెల్లింది. కాశీ అనకుండా, ఊరికే దేశం చూసొస్తానని సెలవు అడిగి ఉంటే? కోర్టు ఇచ్చేదేమో, ఇంట్లో ఇచ్చేవాళ్ళా? నాకూ అలాంటి కాశీ ఒకటి కావాలి. సాల్ట్ లేక్ మైదానం కాశీ ఎలా అవుతుంది?

నేను పుట్టుకతో ఫుట్‌బాల్ మనిషిని కాను. కడప జిల్లాలో పెరిగినవాడికి ఆటంటే క్రికెట్టు, లేకపోతే కబడ్డీ. ఈ పిచ్చి అంటించింది మా మండలం వాడే, జాబ్రియాలో ఒక ఇంట్లో డ్రైవరు. వాళ్ళ మేడం కొడుకును సాయంత్రాలు ఖాదిసియా క్లబ్బుకు ప్రాక్టీసుకు తీసుకుపోవడం అతని పని. పిల్లవాడు లోపల ఆడుతుంటే ఇతను కంచె బయట కారు నీడలో నిలబడతాడు. అలా ఏళ్ళ తరబడి నిలబడి, ఎవరూ నేర్పకుండానే ఆట నేర్చుకున్నాడు. బంతి ఉన్నవాణ్ణి చూడొద్దన్నా, లేనివాడు ఎటు పరుగెత్తుతున్నాడో చూడు అంటాడు నాతో. ఇక్కడ మలయాళీలకు శుక్రవారం ఫుట్‌బాల్ లీగులున్నాయి, జెర్సీలున్నాయి, కప్పులున్నాయి. మనవాళ్ళు మాలియాలో కలుసుకుంటే ఊరి రాజకీయాలు, సినిమాలు, రియల్ ఎస్టేటు. అతనికి ఆట గురించి మాట్లాడడానికి తెలుగులో మనిషి దొరకలేదు. నేను దొరికాను.

2023 నవంబరు 16న జాబిర్ అల్ అహ్మద్ స్టేడియంలో ఇదే రెండు జట్ల మధ్య ఇదే అర్హత పోటీ మొదటి ఆట జరిగినప్పుడు మేమిద్దరం కలిసే పోయాం. అది కూడా గురువారమే. అరవై వేల మంది పట్టే మైదానం. కువైట్‌లో కువైట్ జట్టు ఆడుతుంటే, మనవాళ్ళ వైపు నుంచి లేచిన జనగణమన విని ఇది ఎవరి దేశమో ఒక నిమిషం మర్చిపోయాను. కేరళ వాళ్ళ డప్పులు, గోవా వాళ్ళ పాటలు, మధ్యలో ఎవరో రాయలసీమ యాసలో రెఫరీని తిడుతున్నారు, ఆ తిట్టు విన్నప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. 75వ నిమిషంలో మన ఛాంగ్తే ఎడమ పక్క నుంచి బంతి అందించాడు, మన్వీర్ సింగ్ గోల్ కొట్టాడు. 1-0. అంతకుముందు 2010లో ఇదే కువైట్ చేతిలో మనం 9-1తో ఓడిన సంగతి తెలిసినవాళ్ళకు ఆ ఒక్క గోల్ బరువు తెలుస్తుంది. నేను మాత్రం గోల్ కంటే మా డ్రైవరును చూశాను. కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు. పొద్దున లేస్తే ఎస్ మేడం, ఓకే మేడం తప్ప గొంతు పెరగని మనిషి. ఈ దేశానికొచ్చాక అతను అంత గట్టిగా అరవడం అదే మొదలని తర్వాత కారులో తనే చెప్పాడు. జనం ఎక్కడెక్కడికో జట్ల వెంట పోవడం దీని కోసమేనా? అరవడానికి ఒక చోటు, అరిచినా ఎవరూ తప్పుపట్టని ఒక సాయంత్రం? ఆ మాత్రానికి విమానం ఎందుకు, ఎడారికి పోయి అరవొచ్చు కదా? లేదు, ఎడారిలో అరిస్తే పక్కవాడు కౌగిలించుకోడు.

మా ఆఫీసులో ప్రభుత్వ కాగితాలు చూసే మందూబ్ ఒక పెద్దాయన, కువైటీ. కలకత్తా సంగతి ఆయన చెవిన వేస్తే, ఇందులో ఆలోచించడానికేముందన్నట్టు చూశాడు. 1982లో ఆయన కాలేజీ కుర్రవాడు. కువైట్ మొదటిసారి, ఇప్పటికీ ఒకే ఒక్కసారి, ప్రపంచ కప్‌కు పోయిన ఏడాది. 1980లో ఆసియా కప్ గెలిచి మంచి ఊపు మీదుంది జట్టు. తర్వాతి కాలంలో బ్రెజిల్‌ను జగజ్జేతను చేసిన పరేరా అప్పుడు వీళ్ళకు కోచ్. స్నేహితులతో కలిసి స్పెయిన్ పోయాడట. వాయడోలిడ్‌లో చెకొస్లోవేకియాతో 1-1. ఇంకో ఆట చూసి పోదామనుకున్నారు. ఆ ఇంకో ఆటే ఫ్రాన్స్‌తో, జూన్ 21న. ప్రేక్షకుల్లోంచి వినబడిన ఈలను రెఫరీ ఈల అనుకుని కువైట్ ఆటగాళ్ళు ఆగిపోయారు, ఫ్రాన్స్ ఆటగాడు జిరెస్ గోల్ కొట్టేశాడు. అప్పుడు కువైట్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ గ్యాలరీ దిగి నేరుగా మైదానంలోకి నడిచొచ్చాడు. సోవియట్ రెఫరీ స్టుపార్ ఆ గోల్ రద్దు చేశాడు. చివరికి 4-1తో ఓడారనుకోండి. ప్రపంచమంతా ఆ సంఘటనను వేళాకోళంగా చెప్పుకుంటుంది. మా పెద్దాయన అలా చెప్పడు. ఆ మనిషి 1990 ఆగస్టు 2న, ఇరాక్ సైన్యం వచ్చిన రోజునే, దస్మాన్ రాజభవనం దగ్గర పోరాడుతూ పోయాడు. అది తెలిసినవాళ్ళు ఆ మెట్లు దిగడాన్ని ఇంకో రకంగా గుర్తుపెట్టుకుంటారు. ఆ తర్వాత బిల్బావో పోయి ఇంగ్లండ్ చేతిలో 1-0 ఓటమి కూడా చూసే ఇల్లు చేరారట. ఎందుకు పోయారు అని అడిగాను. ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "మా జట్టు కదా" అన్నాడు. ఆ మాట వెనక ఎంత తేలికదనం ఉందో! గుణకారం లేదు, బోరు మోటరు లేదు, దిగాల్సిన గడప వేరే లేదు. కాస్త అసూయ కలిగిందంటే అబద్ధం కాదు. చమురు బావుల మీద పుట్టినవాడి తీరికది అని కొట్టిపారెయ్యొచ్చు. కానీ రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్ళు కూడా లోకంలో జట్ల వెంట తిరుగుతూనే ఉన్నారు కదా.

నిజానికి మనదేమీ ఫుట్‌బాల్ తెలియని నేల కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవాడు. ఆయన ఆటగాళ్ళు బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్, అందరూ ఆ జంటనగరాల గాలి పీల్చినవాళ్ళే. జకార్తాలో దక్షిణ కొరియాతో చివరి ఆట నాటికి అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ క్రీడలకు రానివ్వనందుకు మన ప్రతినిధి అభ్యంతరం చెప్పాడని కోపం. నిండిన మైదానమంతా కొరియా పక్షం. మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టినవాళ్ళలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉందని చెప్పుకుంటారు. 2-1తో గెలిచాం. రహీం ఆ మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. ఆ మైదానంలో మనవాళ్ళు, అంటే ఇండియా నుంచి ఆట కోసమే పోయినవాళ్ళు, ఎంతమంది ఉండి ఉంటారు? వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందైనా ఉన్నారా? విదేశీ మారకం దొరకని కాలం, ఓడ ప్రయాణాల కాలం. ఇప్పుడు టికెట్టు అరచేతిలో కొనొచ్చు. అయినా అరచేయి ఆడడం లేదు. కారణం ఎప్పుడూ డబ్బేనని చెప్పుకుంటాం గానీ, అది సగమే నిజం.

చివరికి కలకత్తా నుంచి నన్ను తప్పించింది దోహా. ఛెత్రి లేని తర్వాతి ఆట జూన్ 11న, ఖతార్‌తో. దోహా ఎంత దూరం? విమానమెక్కి సర్దుకుని కూర్చునేలోగా దిగాలి. గల్ఫ్ నివాసి కింద ప్రవేశ అనుమతి ఫోనులోనే వస్తుంది. మంగళవారం ఒక్కరోజు సెలవు పెడితే చాలు. అన్నిటికంటే మించి, దోహాలో నాకు ఇల్లు లేదు. తొక్కాల్సిన పొలిమేర లేదు. ఇండియా జట్టును ఇండియాలో చూడడానికి అడ్డొచ్చిన మనసు, పరాయి గడ్డ మీద చూడడానికి వెంటనే ఒప్పుకుంది. ఇదేం న్యాయమని ఇప్పటికీ అడుగుతుంటాను నన్ను. ఛెత్రి ఆఖరి ఆటను వదులుకుని, ఛెత్రి లేని ఆటకు టికెట్టు కొన్నవాణ్ణి అభిమాని అంటారా? డ్రైవరును రమ్మన్నాను. అతను నవ్వాడు. అతనిది ఇంటిపని వీసా, పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉంది. అలా పెట్టుకోకూడదని 2015లో వచ్చిన చట్టమే చెబుతోందన్నాను. "చట్టం చెప్తాది అన్నా, బీరువా తాళం చెప్పదు" అన్నాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఖతార్ ఎడమ పక్క బలంగా ఆడుతుంది, కుడి మూల గోలు దగ్గర కూర్చో, బాగా కనిపిస్తుందని మాత్రం సలహా ఇచ్చాడు.

జూన్ 6 సాయంత్రం ఫర్వానియాలో ఒక చాయ్ దుకాణంలో నిలబడి కలకత్తా ఆట చూశాను. దాదాపు 59 వేల మంది వచ్చారట. గోల్ పడలేదు, 0-0. ఛెత్రి కళ్ళు తుడుచుకుంటూ మైదానం చుట్టూ నడిచాడు. చాయ్ పోసే బంగ్లాదేశీ అతను టీవీ గొంతు పెంచి, నాకు చక్కెర ఎక్కువ వేసి ఇచ్చాడు. అక్కడ ఉండాల్సినవాణ్ణి అని అతనికి ఎలా తెలిసిందో.

దోహా ఆట గురించి తెలిసినవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు, తెలియనివాళ్ళకు క్లుప్తంగా చెప్తాను. జాసిం బిన్ హమద్ మైదానం, రాత్రి కూడా తడిగుడ్డ మొహాన కప్పినట్టున్న ఉక్కపోత. 37వ నిమిషంలో ఛాంగ్తే గోల్. గెలిస్తే మనం మూడో రౌండుకు పోతాం, మన ఫుట్‌బాల్ ఎన్నడూ చూడని మెట్టు అది. 73వ నిమిషంలో మన గోల్ కీపరు గుర్‌ప్రీత్ ఆపిన బంతి గీత దాటి బయటికి పోయింది. మా వైపు నుంచి కూడా కనబడింది. మనవాళ్ళు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడు దాన్ని వెనక్కి లాగాడు, ఇంకొకడు లోపలికి తన్నాడు, కొరియా రెఫరీ గోల్ ఇచ్చేశాడు. వీడియో చూసి తేల్చే ఏర్పాటు ఆ రౌండులో లేదు. తర్వాత ఇంకొకటి. 2-1. అదే రాత్రి కువైట్‌లో కువైట్ 1-0తో అఫ్గానిస్తాన్‌ను ఓడించి, మన చోటులో మూడో రౌండుకు పోయింది. మెట్లు దిగుతుంటే పక్కనున్న మలయాళీ కుర్రాళ్ళు ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. తిక్కగా, తేలికగా ఉంది. ఓటమి కోసం ఇంత దూరం వచ్చినవాణ్ణి, సంచిలో ఒక చొక్కా, ఒక పళ్ళపొడి, ఇంకేమీ లేనివాణ్ణి. ఎవరికీ ఏమీ మోసుకుపోవడం లేదు. అర్ధరాత్రి విమానంలో కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు, గల్ఫ్ కొచ్చాక మొదటిసారి ఎవరి తరఫునా కాకుండా ప్రయాణం చేశాననిపించింది.

ఆ తెల్లవారుజామునే ఇక్కడి మంగఫ్‌లో కార్మికులుండే బిల్డింగు కాలిపోయింది. జూన్ 12. యాభై మంది పోయారు, వాళ్ళలో చాలామంది మన దేశంవాళ్ళు. ముగ్గురు ఆంధ్రావాళ్ళు. ఎక్కువ మంది కేరళ. రెండు రోజుల తర్వాత వాయుసేన విమానం వాళ్ళను కొచ్చికి తీసుకుపోయింది. ఆ మాట రాస్తుంటే, పైన సరదాగా రాసిన అట్టపెట్టె, మార్కరు, ఊరి పేరు, ఏదీ సరదాగా కనిపించడం లేదు. రాత్రి దోహా వెళ్ళొచ్చిన మనిషికి పొద్దున ఆ వార్త చదివే అర్హత ఉందా అని కూడా అనిపించింది. అలా అనిపించడంలో అర్థం లేదని తెలుసు. నేను ఇంట్లో ఉన్నా అది కాలేది.

ఆ రోజు ఫోనుల మోతతో లేచాను. మా జిల్లాలో కువైట్‌లో మనిషి ఉన్న ప్రతి ఇల్లూ ఆ పొద్దున ఫోను చేసి ఉంటుంది. అమ్మ గొంతు వణుకుతోంది. "యాడుండావు నాయనా? రాత్రంతా ఫోను ఎత్తలేదే" అంది. రూములోనే ఉన్నానంటే సరిపోయేది. ఎందుకో దాచబుద్ధి కాలేదు. దోహాకు పోయొచ్చాను, బంతాట చూడడానికి అన్నాను. అటు నుంచి మాట లేదు. లైను తెగిందేమోననుకున్నాను. "ఇంకో రెండు దినాలు ఆడనే ఉండకపోయినావా" అంది. తర్వాత, గొంతు సర్దుకున్నాక, ఇంకో మాట. నేను కలకత్తాకు పోవాలనుకున్న సంగతి చెల్లెలు ఆమెకు ఎప్పుడో చెప్పేసిందట. "పోయింటే ఏమయ్యేది రా? కాళీమాత కుంకుమ తెచ్చేవాడివి. మా అక్క పోయొచ్చినప్పటి నుంచి అనుకుంటాండా."

కాళీఘాట్! నూట తొంభై ఏళ్ళ కింద వీరాస్వామయ్యకు తెలిసిన కిటుకు నాకు తట్టకపోవడమేమిటి? ముందు గుడి పేరు చెప్పి ఉంటే మైదానం దానంతటది దారిలో తగిలేది. అలా అనుకుని నవ్వుకున్నాను గానీ, పూర్తిగా ఒప్పుకోలేదు. ప్రతి కోరికకూ ముందో దేవుణ్ణి నిలబెట్టుకునే పోవాలా? దోహాకు ఏ సాకూ లేకుండా పోయినందుకే కదా, ఆ రాత్రి విమానంలో అంత తేలికగా ఉంది? దేన్ని వదులుకోవాలో నాకింకా తెగలేదు.

ఆఫీసులో పెద్దాయన దోహా గోల్ గురించి అంతా విని, తల పంకించి, మీకొక షేక్ ఫహద్ లేకపోయాడు అన్నాడు. ఆ గోల్ వల్లే తన జట్టు పైకి పోయిందన్న సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు. తర్వాత లోకం నడుస్తూనే ఉంది. ఛెత్రి 2025 మార్చిలో మళ్ళీ జట్టులోకి వచ్చాడు. అంటే నేను వదులుకున్న ఆఖరి ఆట ఆఖరిది కాకుండా పోయింది. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు కంపెనీల అకామా, అంటే నివాస అనుమతి, ఉన్నవాళ్ళం దేశం దాటాలంటే యజమాని అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఒక్క రోజుకైనా సరే. ఆ అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి, 2027 ఆసియా కప్‌కు ఇండియా దూరమైంది. ఆ కప్ జరిగేది సౌదీలో. కువైట్ ఆడుతుంది. కోబర్‌లో ఆట పడితే నువైసీబ్ సరిహద్దు దాటి నాలుగు వందల కిలోమీటర్లు, మంచి రోడ్డు, పొద్దున పోయి రాత్రికి రావచ్చు అని పెద్దాయన ఇప్పటి నుంచే లెక్కలేస్తున్నాడు. తన కారులో ఒక చోటు ఖాళీ ఉందట. అనుమతి కాగితం సంగతి తను చూసుకుంటానన్నాడు, మందూబ్ కదా.

మా జట్టు లేనిచోటికి నేనెందుకు అన్నాను. ఈ దేశం గాలి, నీళ్ళు, జీతం తీసుకున్నవాణ్ణి, ఆసియా కప్‌లో ఆ దేశం జట్టుకు ఒక సాయంత్రం చప్పట్లు కొట్టలేనా? కొట్టగలను. కానీ మైదానంలో ఎదుట అరిచేవాడు నన్ను చూసి, నువ్వెవరివి అంటే? పెద్దాయన నా సందేహమంతా విని, దోహాలో ఏ రంగు చొక్కా వేసుకున్నావు అని అడిగాడు. నీలం అన్నాను. "మాదీ నీలమే కదా, కొత్తది కొననక్కర్లేదు" అన్నాడు. వెనక సీటు కోసం మా డ్రైవరు మేడంను ఆయనే అడుగుతాడట. వాళ్ళాయన సాయంత్రాలు తన దివానియాలో కూర్చునే మనిషేనట.